పియానో శ్రుతికి ఏ ట్యూనర్ కొనాలి?

చెన్నైలో పియానోలకు శ్రుతి చేసే వృత్తి మొదలుపెడుతున్న మీరు, గిటార్‌కు వాడే క్లిప్ ట్యూనర్ సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. పియానో తీగలు బిరుసుగా ఉండడం వల్ల వాటి ఉపస్వరాలు (మూల స్వరంతో పాటు సన్నగా మోగే పై స్వరాలు) లెక్క ప్రకారం రావలసిన చోటికంటే కాస్త పైన పలుకుతాయి. అందుకే తారస్థాయిని కొద్దిగా హెచ్చించి, మంద్రాన్ని కొద్దిగా దించి శ్రుతి చేయాలి, పైగా ఆ తేడా ఒక్కో పియానోకు ఒక్కో విధంగా ఉంటుంది. దాన్ని లెక్కకట్టే పియానో ట్యూనింగ్ యాప్‌లే ట్యూన్‌ల్యాబ్, వెరిట్యూనర్. ట్యూన్‌ల్యాబ్ ముందుగా కొన్ని స్వరాలను కొలిచి ఆ పియానోలో ఏ స్వరాన్ని ఎంత హెచ్చించాలో, దించాలో చూపే రేఖను గీస్తుంది. వెరిట్యూనర్ శ్రుతి చేస్తుండగానే కొలుస్తూ పోతుంది. నేనైతే ముందు ఫోన్‌లో ట్యూన్‌ల్యాబ్‌నే తీసుకోమంటాను. ఒకే స్వరానికి ఉన్న రెండు మూడు తీగలను ఒకే శ్రుతికి కలపడం ఎలాగూ చెవి పనే. ఏళ్ల తరబడి ముట్టని పియానో, మధ్య ‘ఎ’ స్వరానికి ప్రమాణమైన 440 హెర్ట్జ్‌కు బాగా దిగువన ఉంటే, ముందు బిగించిన తీగలు తరువాతివి బిగిస్తుండగా జారతాయి కనుక, ఎంత అదనంగా లాగాలో లెక్కకట్టే సదుపాయం ఉందో లేదో చూసే కొనండి.