ఈఎంఐ అదే, లోన్ మాత్రం తరగట్లేదు, గవర్నమెంట్ ఏమైనా ఆదుకుంటుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కడప, ఉద్యోగం బెంగుళూరులో. 2021 జూన్‌లో వైట్‌ఫీల్డ్ దగ్గర ఫ్లాట్‌కి బ్యాంకులో 40 లక్షలు తీసుకున్నా, 6.75 వడ్డీ, 20 ఏళ్ళు. 2023కల్లా వడ్డీ 9.25 అయింది, ఈఎంఐ మాత్రం అదే 30,415. ఇప్పుడు చూస్తే మిగిలిన నెలలు మొదట్లో కంటే ఎక్కువున్నాయి! ప్రభుత్వ సాయం ఏదైనా ఉందా? మా బావమరిదేమో ఈఎంఐ ఆపేయ్, వాళ్ళే దిగొస్తారు అంటున్నాడు.

జవాబు: బావమరిది గారి మాట మాత్రం వినకండి. బాకీ 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, ఆ తర్వాత సర్ఫేసీ చట్టం (కోర్టుకి వెళ్ళకుండానే తాకట్టు ఇంటిని బ్యాంకు తీసుకోనిచ్చే చట్టం) కింద 60 రోజుల నోటీసు, అప్పుడు దిగొచ్చేది మీరే.

సాయం సంగతి సూటిగా చెప్తా, మీలా ఇప్పటికే లోన్ కడుతున్నవాళ్ళకి వడ్డీ పెరిగిందని కేంద్రం డబ్బులిచ్చే స్కీమ్ లేదు. పీఎం ఆవాస్‌లో మధ్యతరగతి వడ్డీ సబ్సిడీ 2021 మార్చి 31తోనే అయిపోయింది, మీరు జూన్‌లో తీసుకున్నారు. కొత్తది 2024 సెప్టెంబర్ 1 తర్వాత శాంక్షన్ అయిన లోన్లకే, అదీ ఇల్లు 35 లక్షలు దాటకూడదు, బెంగుళూరులో అది ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలీదు.

అసలు మీ దగ్గర ఏం జరిగిందో చూడండి. 9.25 లెక్కన 38.6 లక్షల బాకీ మీద నెల వడ్డీయే దాదాపు 29,750, మీరు కట్టే 30,415లో అసలుకి పోయేది 660 రూపాయలు! బ్యాంకు ఈఎంఐ ముట్టుకోకుండా నెలలు సాగదీసింది, మీకేమో ఏమీ మారనట్టే అనిపించింది. 2025లో ఆర్‌బీఐ రెపో (బ్యాంకులకి ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ రేటు) 6.5 నుంచి 5.25కి దిగింది కదా, 2021లో బ్యాంకు ఇచ్చిన ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) హోమ్ లోన్ కాబట్టి మీ వడ్డీ బ్యాంకు చేతిలో లేని బయటి రేటుకి, ఎక్కువగా రెపోకే, ముడిపడి ఉంటుంది, దాన్నిబట్టి మూడు నెలలకోసారైనా మీ వడ్డీని మార్చాలి, కాబట్టి ఆ తగ్గింపు కూడా ఈఎంఐలో కాకుండా నెలల్లో కలిసిపోయి ఉండొచ్చు, స్టేట్‌మెంట్ తీస్తేనే తెలుస్తుంది.

మీ చేతిలో ఉన్న ఆయుధం 2023 ఆగస్టు 18 నాటి సర్క్యులర్‌తో ఆర్‌బీఐ తెచ్చిన రూల్స్, పాత లోన్లకి కూడా వర్తిస్తాయి. వడ్డీ పెరిగినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది మిమ్మల్ని అడగాలి. మూడు నెలలకోసారి ఎంత అసలు, ఎంత వడ్డీ పోయింది, ఎన్ని ఈఎంఐలు మిగిలాయో స్టేట్‌మెంట్ ఇవ్వాలి. నా సలహా, కుదిరితే ఓ మూడు నాలుగు వేలు ఈఎంఐ పెంచుకోండి, బోనస్ వస్తే పార్ట్ పేమెంట్ కొట్టండి (అసలులో కొంత ముందే కట్టేయడం), ఫ్లోటింగ్ లోన్ మీద దానికి పెనాల్టీ ఉండదు.

బ్రాంచ్‌లో నోటితో అడిగితే "సిస్టమే అలా చేస్తుంది సార్" అంటారు, అందుకే రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి లాయర్ కూడా అక్కర్లేదు (ఇలా చెప్పే నా ఫీజులు పోగొట్టుకుంటున్నా). లెటర్ రెండు కాపీలు తీసుకెళ్ళండి, మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు, 30 రోజుల లెక్కకి ఆ తేదీయే కావాలి.