కోడ్ కనిపించగానే గేర్‌బాక్స్ కంప్యూటర్ మార్చాలా?

ప్రశ్న: నాది ఏడేళ్ల ఆటోమేటిక్ కారు. గేర్ లివర్‌ను పక్కకు జరిపి ప్లస్, మైనస్ వైపు నెట్టితే ఒకసారి గేరు మారుతోంది, మరోసారి మారడం లేదు. గేర్లు వాటంతట అవే మారే ‘డి’లో బండి మామూలుగానే నడుస్తోంది. స్కానర్‌లో పి0826 కోడ్ వచ్చింది. గేర్‌బాక్స్ కంప్యూటర్ మార్చాలని మెకానిక్ అంటున్నారు. మార్పించమంటారా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇప్పుడే మార్పించకండి. అప్‌షిఫ్ట్, డౌన్‌షిఫ్ట్ (గేరు పెంచే, తగ్గించే) స్విచ్ సర్క్యూట్‌లో లోపం ఉందని చెప్పే కోడ్ పి0826. ఆ సర్క్యూట్‌లో స్విచ్, కనెక్టర్, వైర్లు, ఎర్త్, చివరగా కంప్యూటర్ ఉంటాయి. వాటిలో ఏది చెడిందో కోడ్ చెప్పదు. ‘డి’లో గేర్లు సక్రమంగా పడుతున్నాయి కాబట్టి మొదటి అనుమానం లివర్ కింది స్విచ్ మీదకే పోవాలి.

లివర్ పక్కనే కప్ హోల్డర్ ఉండే కార్లలో టీ గానీ, కూల్‌డ్రింక్ గానీ ఒలికి కిందికి దిగడం మామూలే. నీరు ఆవిరైపోయినా చక్కెర మిగిలి, జిగురులా కాంటాక్టులకు అంటుకుంటుంది. కన్సోల్ కవర్ విప్పించి, కనెక్టర్ పిన్నులపై పచ్చటి చిలుము, జిగట మరక ఉన్నాయేమో మీరే దగ్గరుండి చూడండి.

ఆ తర్వాత స్కానర్‌లో లైవ్ డేటా (కారు నుంచి అప్పటికప్పుడు అందే సిగ్నళ్లు) తెరవమనండి. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, లివర్‌ను ప్లస్ వైపు నెట్టిన ప్రతిసారీ తెరపై ఆఫ్ అన్నది ఆన్‌గా మారాలి. పది సార్లలో రెండు మూడు సార్లు మారకపోయినా, వైరు కట్టను చేత్తో కదిపినప్పుడు దానంతట అదే మారుతున్నా, లోపం దాదాపు దొరికినట్లే.

మల్టీమీటర్ పరీక్షకు ముందు ఇగ్నిషన్ ఆపి, కనెక్టర్ విడదీయాలి. కరెంటు ఉన్న వైరుపై ఓమ్స్ (నిరోధం) కొలిస్తే వచ్చే అంకెకు అర్థం ఉండదు. కొన్ని కార్లలో స్విచ్ నొక్కితే సున్నాకు దగ్గరగా చూపాలి, వదిలితే సర్క్యూట్ తెగినట్లు చూపాలి. మరికొన్నింటిలో స్విచ్ లోపల రెసిస్టర్లు ఉంటాయి కనుక, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లోని విలువలతోనే పోల్చాలి. స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిళ్లు కూడా ఉంటే అవి కూడా సాధారణంగా ఇదే సర్క్యూట్‌లోకి వస్తాయి. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కాబట్టి ఆ పని అనుభవజ్ఞులకే వదలండి.

స్విచ్, వైర్లు, ఎర్త్ అన్నీ బాగుండి, కంప్యూటర్ పిన్ను దాకా సిగ్నల్ సరిగ్గా చేరుతున్నా లైవ్ డేటాలో మార్పు రాకపోతే, అప్పుడు కంప్యూటర్‌ను అనుమానించవచ్చు.