కుండను చూసి ఉరికినవాడి జవాబు

గోడ మీద మరకలో, చెట్టు మొదట్లో ముఖం కనిపించి గుండె ఝల్లుమంటుంది, మెదడు ముఖాన్ని అంత తొందరగా ఎలా పట్టేస్తుంది అని అడిగారు. నాకు జరిగింది చెప్తాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018లో మొదలైంది. అంతకుముందు మాకు త్రీఫేజ్ ఏ రాత్రి రెండింటికో వచ్చేది. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి మోటారు వేయడానికి ఒక్కణ్నే బాయికాడికి పోయాను. టార్చి తిప్పగానే పత్తి చేలోంచి ఒక ముఖం నన్నే చూస్తోంది. టార్చి పడేసి ఉరికాను. నాయన మంచం దిగకుండానే, "దయ్యం గాదురా, కుండ. పొద్దుగాల నేనే పెట్టిన" అన్నాడు.

దిష్టి తగలకుండా కర్రకు బోర్లించిన నల్లకుండ. సున్నంతో రెండు కళ్లు, కింద అడ్డంగా ఒక గీత. ముక్కు కూడా లేదు.

మెదడుకు అంతే చాలు. పైన రెండు మచ్చలు, కింద ఒకటి కనిపిస్తే ముందు "ముఖం!" అని కేక పెడుతుంది, సరిచూసుకోవడం తర్వాత. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే, ముఖం కనిపించిన సుమారు 170 మిల్లీసెకన్లకు, అంటే సెకనులో ఆరో వంతుకు, ఒక ప్రత్యేక సంకేతం వస్తుంది. దాన్ని ఎన్170 అంటారు. మెదడు అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపు, ముఖాలకే ఎక్కువగా స్పందించే చోటు ఒకటుంది. 1997లో శాస్త్రవేత్త నాన్సీ కాన్విషర్ బృందం దానికి ఫ్యూజిఫామ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టింది. పుట్టి గంట కూడా కాని పసిపిల్లలు సైతం ముఖంలాంటి బొమ్మ వైపే ఎక్కువగా తల తిప్పుతారు. కాబట్టి ముఖం వైపు మళ్లడం పెరిగాక నేర్చుకున్న విద్య కాదు.

వారం తర్వాత గాలికి ఆ కుండ జారిపడింది. దుక్కి మెత్తగా ఉండి పగల్లేదు గానీ మూతి పైకైంది, కళ్లు కిందికి పోయాయి. అదే టార్చితో రెండు రాత్రులు దాని పక్కనుంచే తిరిగాను, కంటికి ఆనలేదు. కాలికి తగిలితే చూసుకున్నాను. తలకిందులైన ముఖాలతో మెదడు తడబడుతుంది. మామూలు వస్తువుల కంటే ముఖాలను తలకిందులుగా గుర్తుపట్టడం ఎక్కువ కష్టమని రాబర్ట్ యిన్ అనే పరిశోధకుడు 1969లోనే చూపించాడు.

ఇంకొకటి. ముఖం ఉందని పట్టడం వేరు, అది ఎవరిదో పోల్చుకోవడం వేరు. ప్రోసోపగ్నోసియా, అంటే ముఖాలను పోల్చుకోలేని జబ్బు, ఉన్న చాలామందికి ఎదురుగా ముఖం ఉందని తెలుస్తుంది, సొంత అన్నదే అయినా గొంతు వింటే గానీ ఎవరో తెలియదు. (పెండ్లిలో ముఖం గుర్తుండి పేరు రాకపోవడం ఆ జబ్బు కాదు, టెన్షన్ వద్దు.)

నన్నడిగితే, ఉన్న మనిషిని చూడకపోవడం కంటే లేని మనిషిని చూసి ఉరకడమే నయం. 1976లో నాసా నౌక వైకింగ్ 1 పంపిన అంగారకుడి ఫొటోలోని గుట్టలో ముఖం చూసినవాళ్లంతా నా బాపతే.

ఇప్పుడు బాయికాడ ఆటో స్టార్టర్ పెట్టించాం. డబ్బా మీద రెండు లైట్లు, కింద స్విచ్చు. రాత్రిపూట అదీ నన్నే చూస్తుంటుంది.