ముక్కుకో నోట్‌బుక్

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. రాత్రిళ్ళు కిటికీ తీస్తే కుళ్ళిన గుడ్ల కంపు, మూస్తే ఉక్క అన్నావు. బాచుపల్లిలో ఫ్లాటు కొనేటప్పుడు పగలే కదా చూసుకున్నారు!

అందరూ కలిసి కాలుష్య నియంత్రణ మండలికి వెళ్తామన్నారట, మంచిదే. కానీ 'కంపు భరించలేకపోతున్నాం' అని మాత్రమే రాసివ్వకండి. జీడిమెట్లలో మురుగు శుద్ధి ప్లాంటులో ఇరవై ఏళ్ళు చేసినవాణ్ణి, అలాంటి కాగితాలు చాలా చూశాను. మర్నాడు పదకొండింటికి అధికారులు వచ్చేవాళ్ళు. అప్పటికి వాసన ఉండేది కాదు, మేం అబద్ధమాడే పని కూడా పడేది కాదు. ఎండకు నేల వేడెక్కితే గాలి పైకి లేచి వాసనను చెదరగొట్టేస్తుంది. చలికాలం రాత్రి నేల దగ్గరి గాలి చల్లబడుతుంది, పైన ఉన్న వెచ్చటి గాలి దానికి మూత పెడుతుంది. ఇక కంపు కిందే పాకుతుంది.

గాలి కాలుష్యం కొలిచే మీటర్లు చూపిస్తాయిలే అనుకోకు. 2009 జాతీయ వాయు ప్రమాణాల్లో ఉన్న 12 కాలుష్య కారకాల్లో అమ్మోనియా ఉంది కానీ, కుళ్ళిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. అందుకే మీ ముక్కులే కావాలి.

వేర్వేరు బ్లాకుల నుంచి ఐదారుగురు చాలు. రోజూ అదే చోట, అదే టైముకి పది నిమిషాలు నిలబడి రాయండి: వాసన ఎలాంటిది, ఎంతసేపు ఉంది, గాలి ఎటునుంచి వస్తోంది. ఘాటుకు జర్మన్లు వాడే 0 నుంచి 6 కొలత బాగుంటుంది: 0 అంటే వాసనే లేదు, 6 అంటే భరించలేనంత. గాలి కోసం డాబా మీద రిబ్బను కట్టండి. అగరుబత్తి పొగ వద్దు, ముక్కు దానికే పోతుంది. వాసన లేని రాత్రి కూడా సున్నా వేసి రాయాల్సిందే. సున్నాలు లేని పుస్తకాన్ని ఫ్యాక్టరీ వాళ్ళు ఒక్క నిమిషంలో కొట్టిపారేస్తారు, నేనే కొట్టిపారేశాను. ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకున్నాకే వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఒకరు 'గ్యాస్ వాసన' అంటే చాలు, మిగతా పదిమందికీ అదే వస్తుంది.

అన్నట్టు, ఇంట్లోనే ఉన్నవాళ్ళ ముక్కు మొద్దుబారుతుంది. నేను డ్యూటీ నుంచి రాగానే మీ పెద్దమ్మ చొక్కా గుమ్మం బయటే విప్పమనేది, నాకేమో ఏ వాసనా తెలిసేది కాదు. అందుకని నైట్ షిఫ్ట్ ముగించుకుని బయటినుంచి వచ్చేవాళ్ళనూ ఒకరిద్దరిని చేర్చుకో. కళ్ళు మండినా తల తిరిగినా నోట్‌బుక్ పక్కన పడేసి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

అన్నిటికన్నా ముందు మీ సెల్లార్‌లో ఎస్‌టీపీ, అంటే మీ అపార్ట్‌మెంటు మురుగు శుద్ధి చేసే ప్లాంటు, చూడు. ఒక కాలనీ వాళ్ళు బ్యానర్లతో మా గేటు దగ్గరికి వచ్చారు. తీరా చూస్తే కరెంటు బిల్లు మిగులుతుందని రాత్రిళ్ళు వాళ్ళ ఎస్‌టీపీలో మురుగుకు గాలి ఊదే బ్లోయరే ఆపేస్తున్నారు, కంపు అక్కడిదే!

ఒక నెల రాశాక గాలి దిక్కు, టైము కలిసే రాత్రులు వాటంతటవే బయటపడతాయి. అప్పుడు ఆ రాత్రుల తేదీలతో, ఆ టైముకే గస్తీ పంపమని మండలిని అడగండి. సంక్రాంతికి వచ్చేటప్పుడు పుస్తకం పట్టుకురా, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న