బాట్లకు పని పంచేదెవరు? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: హనుమకొండలో మాది పన్ను లెక్కలు చూసే చిన్న కార్యాలయం. పత్తి, మిర్చి, విత్తనాల వ్యాపారులు నలభై మందికి పైగా ఉన్నారు, వారి జీఎస్టీ రిటర్నులన్నీ మేమే దాఖలు చేస్తాము. మా దగ్గర కొంతకాలం పని చేసిన ఒక కుర్రవాడు పైథాన్‌తో మూడు బాట్లు (తమంతట తామే కంప్యూటరు పనులు చేసే ప్రోగ్రాములు) రాసి పెట్టి వెళ్లాడు. మొదటిది ఈమెయిల్‌లో వచ్చిన బిల్లులను దించి ఎక్సెల్ పట్టికలో రాస్తుంది, రెండోది వాటిని ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తుంది, మూడోది కొనుగోళ్ల ఖాతాను జీఎస్టీఆర్-2బీతో (అమ్మినవారు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే పట్టికతో) సరిచూస్తుంది. రాత్రి 9కి ఒకటి, 10కి ఒకటి, 11కి ఒకటి మొదలయ్యేలా సమయాలు పెట్టాము. పని ఎక్కువైనప్పుడు రెండో బాట్‌ను ఇంకో కంప్యూటరులోనూ నడుపుతాము. విడివిడిగా అన్నీ బాగానే నడుస్తాయి కానీ, కలిపి నడిపిన రోజున కొన్ని బిల్లులు రెండుసార్లు ఎక్కుతున్నాయి, కొన్ని అసలే ఎక్కడం లేదు. సమయాల మధ్య ఎడం పెంచితే సరిపోతుందా, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనాలా?
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఎడం పెంచితే తప్పులు తగ్గినట్టు కనిపిస్తాయే తప్ప పోవు. పది గంటలయిందన్న సంగతి గడియారం చెప్పగలదు గాని, మొదటి బాట్ పని పూర్తయిందన్న సంగతి చెప్పలేదు. నెల మొదట్లో ముప్పై బిల్లులు వచ్చే రోజున గంట సమయం మిగిలిపోతుంది. 11వ తేదీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) గడువు కాబట్టి ఆ ముందు రోజుల్లో వందల బిల్లులు వచ్చి పడితే అదే గంట చాలదు. మధ్యలో కరెంటు పోతే ఇక చెప్పనక్కర లేదు.

మీరు రోజూ చూసే ఏనుమాముల మార్కెట్‌నే ఒకసారి గుర్తు చేసుకోండి. రైతు సరుకు తేగానే గేటు దగ్గర లాట్ నంబరు పడుతుంది. ఆ తరువాత బేరమైనా, కాంటా అయినా, చివరికి తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) అయినా ఆ నంబరు మీదే నడుస్తుంది. హమాలీలు గడియారం చూసి బస్తాలు ఎత్తరు, కాంటా కావలసిన లాట్ ఏదో చూసి ఎత్తుతారు. మీ బాట్లకు లేనిది సరిగ్గా ఈ లాట్ నంబరే. ప్రతి బిల్లుకూ ఒక వరుసలో ఒక్కటంటే ఒక్కటే నమోదు ఉండాలి, ఆ నమోదుకు ఒక స్థితి ఉండాలి: కొత్తది, పనిలో ఉన్నది, పూర్తయినది, తిప్పి పంపినది. అమ్మినవారి జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, ఆర్థిక సంవత్సరం, ఈ మూడూ కలిపితే ప్రతి బిల్లుకూ వేరే ఏ బిల్లుతోనూ కలవని గుర్తు వస్తుంది. ఈ వరుసనే ఈ రంగంలో క్యూ అంటారు. బాట్ ఏ గంటకు లేచినా పరవాలేదు, వరుసలో తన వంతు పని ఉందా లేదా అని చూసి, ఉంటే ఒక్కటి తీసుకుని, అది ముగించాకే రెండోది తీసుకోవాలి.

ఇప్పుడు మీ వరుస ఎక్సెల్‌లో ఉంది. తప్పు అక్కడే మొదలవుతోందని నా అనుమానం. రెండు కంప్యూటర్లలోని బాట్లు ఒకే క్షణంలో పట్టిక తెరిచి, పట్టికలోని ఇరవయ్యో అడ్డు వరుసలో ‘కాలేదు’ అని చదివి, రెండూ అదే బిల్లును తీసుకుంటాయి. ‘తీసుకున్నాను’ అని రాసేసరికి ఆలస్యమైపోతుంది. చూడడం, తీసుకోవడం అనే రెండు పనులూ మధ్యలో ఇంకొకరు దూరడానికి సందు లేకుండా ఒకే అడుగులో జరగాలి. దానికి డేటాబేస్ కావాలి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఉచితం, అందులో ‘ఫర్ అప్‌డేట్ స్కిప్ లాక్డ్’ అనే సదుపాయం అచ్చంగా ఈ అవసరానికే పనికొస్తుంది, ఒక బాట్ పట్టుకున్న నమోదును రెండోది వదిలేసి తరువాతి దానికి వెళ్తుంది. ఒకే ఫైలుగా ఉండే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఇంకా తేలిక కదా అని ఎవరైనా చెబితే, ఒకే కంప్యూటరులో అయితే సరే గాని, ఆ ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి రెండు కంప్యూటర్ల నుంచి రాయించడం మాత్రం మంచిది కాదు.

బిల్లు రెండుసార్లు ఎక్కడానికి ఇంకో దారి కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. బాట్ బిల్లును ట్యాలీలో భద్రపరిచింది. ‘పూర్తయింది’ అని వరుసలో రాయబోయే లోపల కరెంటు పోయింది. ట్యాలీ దృష్టిలో పని అయింది, వరుస దృష్టిలో కాలేదు. అందుచేత ఎక్కించే ముందు ఆ బిల్లు నంబరు ట్యాలీలో ఇప్పటికే ఉందేమో వెతకడం బాట్‌కు మొదటి పనిగా పెట్టండి. ‘పనిలో ఉన్నది’ అన్న స్థితిలోనే ఒక బిల్లు ఎక్కువసేపు ఉండిపోతే, దాన్ని పట్టుకున్న బాట్ పడిపోయిందని అర్థం. బాట్ల సాఫ్ట్‌వేర్ అమ్మే యూఐపాత్ కంపెనీ వారి ఆర్కెస్ట్రేటర్‌లో అలాంటి దాన్ని 24 గంటల తరువాత వదిలేసినదిగా గుర్తిస్తారు. మీ బిల్లు ఒక్కటీ నిమిషంలో అయ్యే పని కాబట్టి, 15 నిమిషాలు దాటినదాన్ని తిరిగి వరుసలోకి తెచ్చుకుంటే చాలు.

ఎక్కకుండా పోతున్న బిల్లుల సంగతి వేరు. బాట్‌కు ఎదురయ్యే ఆటంకాలు రెండు రకాలు. ఇంటర్నెట్ పోవడం, ట్యాలీ తెరుచుకోకపోవడం వంటివి యంత్రానికి సంబంధించినవి. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తే పోతాయి, మూడుసార్లు ప్రయత్నించనివ్వండి. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలకు బదులు 14 ఉండడం, తెలంగాణ వ్యాపారి అని చెబుతూ నంబరు 36తో మొదలు కాకపోవడం వంటివి సమాచారంలోని తప్పులు. వీటిని ముప్పైసార్లు ప్రయత్నించినా ఫలితం మారదు. వీటిని వెంటనే పక్కకు తీసి, కారణం రాసి, మనిషి ముందు పెట్టాలి. ఈ తేడా తెలియని బాట్ తప్పుడు బిల్లు దగ్గరే ఆగిపోయి వెనుక ఉన్నవాటిని చూడదు, లేదా చడీచప్పుడు లేకుండా దాటేసి వెళ్తుంది. మీ దగ్గర రెండోది జరుగుతున్నట్టుంది. 2022 జనవరి 1 నుంచి 2బీలో కనబడిన బిల్లుకే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు తగ్గింపు) దక్కుతుంది, ఆ 2బీ 14వ తేదీన వస్తుంది, పన్ను కట్టే రిటర్ను జీఎస్టీఆర్-3బీ గడువు 20న ముగుస్తుంది. దాటేసిన బిల్లును వెతికి పట్టుకోవడానికి మీకు మధ్యలో ఉన్నది ఆరు రోజులే.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఇప్పుడే వద్దు. యూఐపాత్‌లో ఆర్కెస్ట్రేటర్ అని, అలాంటి ఇతర సాఫ్ట్‌వేర్లైన ఆటోమేషన్ ఎనీవేర్‌లోనూ బ్లూ ప్రిజమ్‌లోనూ కంట్రోల్ రూమ్ అని పిలిచే విభాగం చేసేది ముఖ్యంగా ఇదే: వరుసను కాపాడడం, ఏ బాట్ ఏ యంత్రంలో నడవాలో చెప్పడం, పాస్‌వర్డులను దాచడం, జరిగినదంతా చిట్టా రాయడం. యాభై బాట్లు నడిపే బ్యాంకుకు అది లేనిదే గడవదు. మూడు బాట్లకు ఒక డేటాబేస్, రోజూ ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చే ఒక ఈమెయిల్ సరిపోతాయి. ఆ ఈమెయిల్‌లో వచ్చిన బిల్లులెన్ని, ఎక్కినవెన్ని, తిప్పి పంపినవెన్ని, మిగిలినవెన్ని అన్న నాలుగు అంకెలు ఉండాలి; చివరి మూడూ కలిపితే మొదటిది రాకపోతే ఆ రోజు ఎవరూ టీకి కూడా వెళ్లకుండా కారణం వెతకాలి. ఆ ఈమెయిల్ ఎవరి బాధ్యతో పేరు పెట్టి నిర్ణయించండి. అందరి బాధ్యత అన్నారో, వారం తిరిగేసరికి దాన్ని ఎవరూ తెరవరు.

ఇంకొక్క మాట. మీ రెండో బాట్ ట్యాలీ తెరమీద మౌసును కదుపుతూ నొక్కుతున్నట్లయితే, ఆ పద్ధతిని మానిపించండి. సమాచారాన్ని గుర్తులతో రాసిపెట్టే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలును ట్యాలీ నేరుగా తీసుకుంటుంది. నేను గతంలో పని చేసిన ఒక కార్యాలయంలో తెరమీద కొలతలు చూసి నొక్కే బాట్ ఒకటి ఉండేది. ఎవరో రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి ఆ కంప్యూటరును చూపే) కిటికీని చిన్నది చేసి ఇంటికి వెళ్లిన రాత్రి, అది తెల్లవారేదాకా ఖాళీ జాగాలో నొక్కుతూ కూర్చుంది.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ఒక ఆడిటరు దగ్గర సహాయకురాలిని. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ కావడానికి వచ్చే క్యాప్చాను, మొబైల్‌కు వచ్చే ఓటీపీని కూడా బాట్ చేతే చేయించవచ్చని, డబ్బు కడితే చేసి ఇస్తామని ఒకరు చెబుతున్నారు. నమ్మవచ్చా?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: చేసి ఇవ్వగలరేమో గాని, మీరు చేయించుకోకండి. క్యాప్చా పెట్టిందే యంత్రాలను గేటు దగ్గర ఆపడానికి. దాన్ని దాటించే ఏర్పాటు ఏ పోర్టల్‌కూ సమ్మతం కాదు, ఖాతా మీ వ్యాపారిది కాబట్టి చిక్కు వస్తే ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఓటీపీ అంటే వ్యాపారి చేసే సంతకమే అనుకోండి. ఆ సందేశాలు నేరుగా బాట్‌కు చేరేలా చేయడమంటే సంతకం పెట్టిన ఖాళీ కాగితాల కట్టను బల్లమీద వదిలి వెళ్లడమే. లాగిన్ వరకు మనిషి చేసి, 2బీ ఫైలు దించుకున్న తరువాత సరిచూసే పనిని బాట్‌కు అప్పగించడం సబబైన పద్ధతి. వ్యాపారులు ఎక్కువమంది ఉంటే, జీఎస్టీ సువిధా ప్రొవైడర్లనే గుర్తింపు పొందిన సంస్థల ద్వారా వ్యాపారి అనుమతితో ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకొకదానితో నేరుగా మాట్లాడే) దారిలో సమాచారం తెచ్చుకునే అధికారిక సదుపాయం ఉంది. పాస్‌వర్డుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి: బాట్ కోడులోగాని, పక్కనున్న ఎక్సెల్‌లోగాని రాసిపెట్టకుండా, విండోస్‌లో ఉన్న క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఉంచండి.

ప్రశ్న: మంచిర్యాలలో ఒక ప్రైవేటు సంస్థలో పదకొండేళ్లుగా డేటా ఎంట్రీ చేస్తున్నాను. మా కార్యాలయంలోనూ బాట్లు పెడతారట. నా ఉద్యోగం ఉంటుందా?
(ఒక పాఠకుడు, మంచిర్యాల)

జవాబు: మీ మనసుకు నచ్చే మాట చెప్పడం తేలికే గాని, ఒక కాగితం చూసి అదే అంకెను తెరమీద కొట్టే పని మాత్రం తగ్గుతుంది, అందులో సందేహం లేదు. అయితే బాట్ పెట్టేవారికి మొదట కావలసింది ఆ పని నిజంగా ఎలా జరుగుతోందన్న వివరం, అది మీ దగ్గర ఉంది. ఫలానా సరఫరాదారు బిల్లు మీద తేదీ ఎప్పుడూ తలకిందులుగా రాస్తాడని, ఫలానా శాఖ ఫైలులో రెండో పేజీయే అసలైనదని రాసిపెట్టిన నియమావళి ఏదీ ఉండదు. ఈ మినహాయింపులన్నిటినీ ఇప్పటి నుంచే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. బాట్ తిప్పి పంపినవాటిని చూసి తేల్చే మనిషి ప్రతి కార్యాలయానికీ కావాలి. ఆ కుర్చీని మీ యజమాని ఇంకొకరికి ఇవ్వకముందే మీరే వెళ్లి అడగండి. బాట్లు వచ్చి కూర్చున్నాక అడిగితే ఆలస్యమైనట్టే.

ప్రశ్న: వరంగల్‌లో బీకాం కంప్యూటర్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. బాట్లు తయారు చేయడం నేర్చుకోవాలని ఉంది. వేలకు వేలు కట్టి హైదరాబాద్‌లో కోర్సు చేయాలా?
(ఒక విద్యార్థిని, వరంగల్)

జవాబు: మొదలుపెట్టడానికి అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ 2020లో సాఫ్టోమోటివ్ అనే కంపెనీని కొని, 2021 మార్చిలో బాట్లు తయారు చేసే సాఫ్ట్‌వేర్ అయిన పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ను విండోస్ 10 వాడేవారికి ఉచితంగా ఇచ్చింది. విండోస్ 11లో అది ముందే ఉంటుంది. ఉచిత కూర్పులో బాట్‌ను మీరే నొక్కి నడపాలి, మనిషి లేకుండా నడిపే లైసెన్సు వేరు, కాని నేర్చుకోవడానికి ఇది చాలు. మీది బీకాం కాబట్టి మీకు ఒక మేలుంది: బ్యాంకు స్టేట్‌మెంటును నగదు పుస్తకంతో సరిచూడడం మీకు పాఠంగానే వచ్చు. దాన్నే మొదటి బాట్‌గా చేయండి. అది నడిచాక, అదే పనిని రెండు బాట్లకు పంచి, మధ్యలో ఒకదాన్ని కావాలనే ఆపేసి, లెక్క తప్పకుండా రెండోది కొనసాగించేలా చేయగలిగితే ఇంటర్వ్యూలో చూపించడానికి మీ చేతిలో ఒక గట్టి నమూనా ఉన్నట్టే. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌ను కూడా దీంతో పాటు నేర్చుకోండి, అది లేకుండా ముందుకు సాగదు. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కార్యాలయాలు తెరిచాయి. ఇంటి దగ్గరి నుంచే వెళ్లగలిగే చోట ఏయే ఖాళీలు పడుతున్నాయో వారి వెబ్‌సైట్లలో చూస్తూ ఉండండి.