వర్క్స్ బైక్‌కి కొత్త రంగు వద్దని ఎందుకంటున్నానంటే

పాత మోటోక్రాస్ (ఎగుడుదిగుడు మట్టి ట్రాకు మీద జరిగే పోటీ) రేసు బైకుల సేకరణ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: 1970ల నాటి ఫ్యాక్టరీ మోటోక్రాస్ బైకుల ఫొటోలు చూసి వాటి మీద మనసు పడ్డాను. షోరూమ్ బైకుకీ వీటికీ తేడా ఏమిటండీ? ఇంత తక్కువ ఎందుకు మిగిలాయి?

మీరు చూసిన ఫ్యాక్టరీ బైకునే వర్క్స్ బైక్ అంటారు. అది అమ్మకానికి చేసిన బండి కాదు. ఆ సీజన్‌లో ఫలానా రైడర్ గెలవాలని కంపెనీ రేసింగ్ విభాగం చేత్తో కట్టిన బండి. ఇంజిన్ కేసులు మెగ్నీషియం, చాలా బోల్టులు టైటానియం, ట్యాంకు అల్యూమినియం. పైకి షోరూమ్ బండిలాగే కనిపించినా ఆ విడిభాగాలు దీనికి పట్టవు. సుజుకీ తన 125 సీసీ బండికి ఆర్‌ఏ అని, 250కి ఆర్‌హెచ్ అని, 500కి ఆర్‌ఎన్ అని పేర్లు పెట్టుకుంది. హోండాది ఆర్‌సీ, యమహాది ఓడబ్ల్యూ, కవాసాకిది ఎస్‌ఆర్.

జోయెల్ రోబేర్ 1970 నుంచి వరసగా మూడేళ్లు 250 ప్రపంచ టైటిల్ కొట్టింది సుజుకీ మీదే. రోజర్ డికాస్టర్ అయిదు 500 టైటిళ్లూ (1971, 72, 73, 75, 76) సుజుకీ మీదే వచ్చాయి. బరువు తగ్గించే పోటీ ఎంత ముదిరిందంటే 1973లో అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఎఫ్‌ఐఎం కనీస బరువు నిబంధన తేవాల్సి వచ్చింది. 500 క్లాసుకు 95 కిలోలు. అదే ఏడాది హకాన్ ఆండర్సన్‌కి 250 టైటిల్ తెచ్చిన యమహాకి వెనక మామూలుగా ఉండే రెండు షాకులు (కుదుపు తట్టుకునే స్ప్రింగులు) లేవు, ట్యాంకు కిందుగా పడుకోబెట్టిన ఒకే ఒక్క షాక్. అది లూసియన్ టిల్కెన్స్ అనే బెల్జియన్ ఇంజినీరు ఆలోచన.

ఇక తక్కువ ఎందుకంటే, సీజన్ అయిపోగానే చాలా బైకుల్ని కంపెనీలే తుక్కు చేశాయి. వచ్చే ఏడాది బండి వేరే ఉంటుంది, పాతది పోటీదారు చేతిలో పడకూడదు. వేరే దేశానికి తాత్కాలికంగా తెచ్చిన బండిని తిరిగి పంపాలి, లేకపోతే నాశనం చేయాలి. అమెరికాలో 1986 నుంచి అక్కడి మోటార్‌సైక్లిస్టుల సంఘం ఏఎంఏ ప్రొడక్షన్ రూల్ (షోరూమ్ బండి ఆధారంగా చేసినదే రేసుకి రావాలని) పెట్టడంతో పూర్తి వర్క్స్ బైకుల కథ అక్కడ 1985తో ముగిసింది. మెకానిక్కులు మనసొప్పక దాచినవి, విడిభాగాలుగా బయటికొచ్చినవి, కంపెనీలే ఉంచుకున్నవి మాత్రం మిగిలాయి.

ప్రశ్న: ఒకాయన దగ్గర 70ల నాటి ఫ్యాక్టరీ బైక్ అమ్మకానికి ఉంది. కొత్తదానిలా మెరిసిపోతోంది. అసలుదో కాదో ఎలా తెలుసుకోవాలి? టెన్షన్‌గా ఉంది.

మెరుపు చూసి మురిసిపోకండి. అసలుతనాన్ని చెప్పే గుర్తుల్ని ముందు చెరిపేసేది ఆ మెరుపే.

మొదట లోహం చూడండి. క్లచ్ కవర్ విప్పి ఇవ్వమని అడగండి. దాన్ని తూచి బరువు రాసుకోండి. తర్వాత గ్రాముల తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి, తూకాన్ని సున్నాకి తేవాలి. కవర్‌ని దారంతో వేలాడదీసి, గిన్నె అడుగుకీ అంచుకీ తగలకుండా పూర్తిగా ముంచండి. గాలి బుడగలు అంటుకుని ఉంటే కదిపి వదిలించండి. అప్పుడు తూకం చూపించే గ్రాములతో మొదట రాసుకున్న బరువుని భాగించాలి. 1.8 దగ్గర వస్తే మెగ్నీషియం, 2.7 దగ్గర వస్తే అల్యూమినియం. ఉదాహరణకి 360 గ్రాముల కవర్ ముంచితే 200 చూపించింది అనుకోండి, అది మెగ్నీషియమే. టైటానియం అని చెప్పిన బోల్టులకీ ఇదే లెక్క: 4.5 రావాలి, స్టీల్ అయితే 7.8 వస్తుంది. ముంచిన భాగాన్ని వెంటనే పూర్తిగా ఆరబెట్టండి, మెగ్నీషియానికి తడి పడదు.

లోహం సరిపోయినంత మాత్రాన బండి అసలుదైపోదు. షోరూమ్ ఫ్రేముకి నాలుగు వర్క్స్ భాగాలు తగిలించినవీ ఉంటాయి. అందుకే నేను ఎక్కువసేపు చూసేది వెల్డింగుని. చేత్తో వేసిన అతుకు ఏ రెండూ ఒకేలా ఉండవు. స్టీరింగ్ హెడ్ దగ్గర వంపు తిరిగేచోట వెల్డర్ చెయ్యి ఆగి మళ్లీ మొదలుపెట్టిన గుర్తు ఉంటుంది, అతుకు మీద వరసగా ఉండే పొలుసుల్లాంటి గీతల్లో ఒకటి మిగతావాటికంటే లావుగా ఉంటుంది. ఆనాటి రేసు ఫొటో ఏదైనా స్పష్టమైనది సంపాదించి, భూతద్దం పెట్టి ఆ పొలుసుల్ని ఒక్కొక్కటీ పోల్చండి. ఇసుక అచ్చులో పోత పోసిన భాగాల గరుకుదనం, చేత్తో గుద్దిన అంకెల వంకర కూడా ఫొటోతో కలవాలి. మెకానిక్ నోటు పుస్తకమో, టీమ్ కాగితాలో ఉంటే మరీ మంచిది. ఫ్రేముకి మందంగా పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడితో కరిగించే రంగు పూత) వేసి ఉంటే ఇవేవీ కనిపించవు. అలాంటి బండికి అమ్మేవాళ్లు చెప్పిన ధర ఇవ్వొద్దనే నా సలహా.

ప్రశ్న: నా బైక్ మెగ్నీషియం క్రాంక్‌కేస్ మీద తెల్లటి పొడి లేస్తోంది. శాండ్ బ్లాస్టింగ్ (ఇసుకని గాలితో బలంగా కొట్టి శుభ్రం చేయడం) చేయించి పాలిష్ పెట్టించనా?

వద్దు, దయచేసి వద్దు. ఒక అపురూపమైన ఇంజిన్ కేసుని ఒక వర్క్‌షాపులో స్టీల్ గుళ్లతో బ్లాస్టింగ్ చేసి తెచ్చిన ఓనర్‌ని చూశాను. ఇనుప రేణువులు లోహంలో దిగబడి, వాటి చుట్టూ గుంటలు పడ్డాయి. పోత గుర్తులు, ఫ్యాక్టరీలో వేసిన పూత, అన్నీ పోయాయి. ఆ పూతని మళ్లీ ఎవరూ తేలేరు.

ఆ పొడి మెగ్నీషియం తుప్పు. తేమ, ముఖ్యంగా ఉప్పు కలిసిన తేమ, దానికి శత్రువు. స్టీల్ బోల్టు తగిలేచోట ఇంకా త్వరగా తింటుంది. అక్కడ తడి చేరితే రెండు లోహాలూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి, అరిగిపోయేది ఎప్పుడూ మెగ్నీషియమే. మెత్తటి నైలాన్ బ్రష్‌తో పొడిని దులపండి. ప్రెజర్ వాషర్ దగ్గరికి రానివ్వకండి. స్టీల్ బోల్టు తల కింద అల్యూమినియం వాషర్ పెట్టి, మరలకి అవి పట్టేయకుండా కాపాడే యాంటీ సీజ్ పేస్ట్ రాయండి. పైన మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రుద్దండి, మ్యూజియంలలో లోహాలకి వాడేది అదే. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే చాలు. ఇంకో మాట: మెగ్నీషియం రజను అంటుకుంటే నీళ్లు అస్సలు పోయకండి, మంట ఇంకా లేస్తుంది. పొడి ఇసుక దగ్గర పెట్టుకోండి.

రంగు సంగతీ అంతే. ట్యాంకు మీద రైడర్ మోకాళ్లు రాసుకుని అరిగిన చోటు, కాలు పెట్టే పెగ్ పక్కన బూటు నున్నగా చేసిన ఫ్రేము, మెకానిక్ హడావిడిగా ఆకురాయి పట్టిన బ్రాకెట్టు — వీటి కోసమే కదండీ మనం ఆ బండిని కోరుకున్నది! పెచ్చులూడుతున్న రంగుని నిలబెట్టండి, కొత్తది వెయ్యకండి. సీటు స్పాంజి పొడైపోతే కొత్తది వేసుకోండి కానీ పాత కవర్ని, పాత స్పాంజిని పేరు రాసి దాచండి.

ప్రశ్న: అప్పుడప్పుడు స్టార్ట్ చేయాలా? ఆ శబ్దం వినాలని ఉంటుంది.

ఆ కోరిక నాకూ అర్థమవుతుంది. కానీ ఏళ్లుగా పడున్న టూ స్ట్రోక్‌లో క్రాంక్ సీళ్లు (ఇంజిన్‌లోకి గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు) ఎండిపోతాయి. అక్కడి నుంచి గాలి లాగితే పెట్రోలు-గాలి మిశ్రమం పల్చబడి, పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. ఆ సిలిండర్‌కి మారు దొరకదు. సీళ్లు మార్చి, ప్రెజర్ టెస్ట్ చేసి, పిస్టన్ కొలిచి చూశాకే స్టార్ట్ చేయండి. ఆనక పెట్రోలు ట్యాంకులోంచీ కార్బొరేటర్ గిన్నెలోంచీ పూర్తిగా తీసేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమని లాగుతుంది. నైట్రోజన్ నింపిన షాక్‌ని మాత్రం ఇంట్లో విప్పొద్దు, లోపల ఒత్తిడి ప్రమాదకరం.

ప్రశ్న: కొనే స్తోమత లేదు. కళ్లారా చూడాలంటే?

జపాన్‌లో మోటెగిలోని హోండా కలెక్షన్ హాల్, అమెరికాలో ఒహాయో రాష్ట్రం పికరింగ్టన్‌లోని ఏఎంఏ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం, ఇంగ్లండ్‌లో న్యూ మిల్టన్‌లోని శామీ మిల్లర్ మ్యూజియం. ప్రదర్శనలో బైకులు మారుతుంటాయి కాబట్టి మీకు కావలసిన బండి ఉందో లేదో ముందే అడిగి వెళ్లండి.