కోల్‌కతా నుంచి యూరప్ వెళ్లే కంటెయినర్ మధ్యలో కొలంబోలో ఎందుకు దిగుతుంది?

కోల్‌కతాది హుగ్లీ నది మీది పోర్టు. ఒండ్రు మేట వేయడం వల్ల లోతు తక్కువ, వేల కంటెయినర్లు మోసే పెద్ద ఓడలు అక్కడిదాకా రాలేవు. అందుకే చిన్న ఫీడర్ ఓడ సరుకును కొలంబోకో సింగపూర్‌కో చేరుస్తుంది. అక్కడ క్రేన్లతో దించి, యార్డులో ఉంచి, యూరప్ వెళ్లే పెద్ద ఓడ ఎక్కిస్తారు. దీన్నే ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు.

కంటెయినర్‌ను మామూలుగా తెరవరు. సరుకు ఆ దేశంలోకి దిగుమతి అయినట్టు కాదు కాబట్టి అక్కడ దిగుమతి సుంకం పడదు, కస్టమ్స్ నిఘా మాత్రం ఉంటుంది. ఎగుమతిదారుకు అసలు టెన్షన్ ఫీడర్ ఆలస్యమైతేనే. పెద్ద ఓడ అందకపోతే తర్వాతి ఓడ దాకా సరుకు యార్డులోనే ఆగిపోతుంది.

మన సరుకు కోసం పరాయి పోర్టులకు ఇంత ఆదాయం పోవడం నాకైతే బాధగానే ఉంటుంది. కేరళలో 2025 మేలో ప్రారంభించిన విళింజం పోర్టు ఈ పని కోసమే కట్టింది. అక్కడ సహజంగానే లోతు ఎక్కువ, అంతర్జాతీయ ఓడల దారి కూడా దగ్గరే.